పాత మోటో గుజ్జీ 850 టి3 కొనే ముందు బండిని పరీక్షించే పద్ధతి

ఇటలీలో మాండెల్లో డెల్ లారియోలోని మోటో గుజ్జీ కర్మాగారం 1975లో విడుదల చేసిన 850 టి3 దూరప్రయాణాల కోసం తయారైన మోటారుసైకిలు కనుక, మీటరులో కిలోమీటర్లు ఎక్కువగా కనిపించినంత మాత్రాన వెనకాడనక్కరలేదు. ‘చక్కగా చూసుకున్న బండి’ అని అమ్మకందారు చెప్పే మాటకు రుజువును పెయింటు మెరుపులో వెతకకూడదు.

చల్లగా ఉన్న ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి కనుక, మీరు వెళ్ళేసరికి దాన్ని వేడిచేసి ఉంచవద్దని ముందే చెప్పండి. వెళ్ళగానే, ఇరుపక్కలా పొడుచుకువచ్చిన సిలిండర్లపై చేయి ఆనించి చూస్తే ఆ మాట నిలబెట్టుకున్నారో లేదో తెలిసిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం కేటాయించవలసినది సిలిండర్లకే. ఆనాటి అల్యూమినియం సిలిండర్ల లోపల క్రోమియం పూత ఉండేది. అది కాలక్రమంలో పొరలుగా ఊడి, ఆ రజను నూనెలో కలిసి బేరింగులను తినేస్తుంది. అమ్మకందారు అనుమతిస్తే కొంచెం ఇంజిన్ నూనెను తెల్లని గుడ్డపై పోసి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. వెండి రంగు రేణువులు మెరిస్తే స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలోంచి సన్నని కెమెరా దింపి గోడలను పరిశీలించాలి. పూత ఊడిన సిలిండర్‌ను మామూలు ఇనుప సిలిండర్‌లా బోరింగ్ చేయించి, అంటే లోపలి గోడను చెక్కించి, గట్టెక్కడం కుదరదు. సిలిండర్లూ పిస్టన్లూ మార్చి నికాసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన) పూతవి వేయించినట్టు రసీదు ఉంటే, నా దృష్టిలో కొత్త పెయింటు కంటే దాని విలువే ఎక్కువ.

తరువాత బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, గేరులో ఉంచి, వెనుక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ కదపండి. ఈ బండికి చైను ఉండదు, షాఫ్టు అనే తిరిగే కడ్డీయే చక్రాన్ని తిప్పుతుంది. కొద్దిపాటి వదులు సహజమే గాని, ఠక్కుమనే శబ్దం వస్తే షాఫ్టులోని కీలు అయిన యూనివర్సల్ జాయింటునూ దాన్ని కప్పిన రబ్బరు తొడుగునూ చూడాలి. తొడుగు చిరిగితే నీరు చేరి అక్కడి బేరింగు పాడవుతుంది.

బ్రేకుల అమరిక కొత్తవారికి వింతగా తోస్తుంది: కాలి పెడల్ వెనుక డిస్కుతో పాటు ముందున్న రెండు డిస్కులలో ఒకదాన్ని కూడా పట్టిస్తుంది, చేతి లివరు రెండవదానికే పరిమితం. కాబట్టి ముందు చక్రాన్ని పైకెత్తి తిప్పుతూ, మరొకరిచేత పెడల్ తొక్కించి, చక్రం గట్టిగా ఆగుతోందో లేదో చూడండి.

ఇంజిన్ స్టార్ట్ చేశాక, నిలబడి ఉన్న బండిలో థ్రాటిల్‌ను ఒక్కసారి తిప్పితే బండి కుడివైపుకు ఒరుగుతుంది. క్రాంక్‌షాఫ్టు బండి పొడవునా అమర్చి ఉండటం వల్ల జరిగేదే తప్ప, అది లోపం కాదు. దాన్ని చూపి బేరమాడబోతే అమ్మకందారు నవ్వుకుంటాడు. చివరగా, ఫ్రేము మీదా ఇంజిన్ మీదా చెక్కిన నంబర్లను కాగితాలతో స్వయంగా సరిపోల్చి చూసుకున్న తరువాతే ధర మాట ఎత్తండి.