నదిని త్రీడీలో తీసి, ఫైల్ సైజు తగ్గించడం ఎలా?

విజయవాడ పున్నమి ఘాట్ మెట్ల మీద ఎడమ కంటికి ఒకటి, కుడి కంటికి ఒకటి చొప్పున రెండు కెమెరాలు పక్కపక్కన పెట్టి, కృష్ణలో వెళ్తున్న పడవను తీశారనుకుందాం. ఫుల్ హెచ్‌డీలో, సెకనుకు 30 ఫ్రేములతో తీసిన ఈ వీడియోను అసలు కుదించకపోతే, రెండు కళ్లకీ కలిపి నిమిషానికి సుమారు 11 జీబీ అవుతుంది. మల్టీవ్యూ కంప్రెషన్ (రెండు కళ్ల బొమ్మలనూ కలిపి కుదించే పద్ధతి) కుడి కంటి బొమ్మను మొదటినుంచీ రాయదు. ఎడమ కంటి బొమ్మలోని ముక్కనే కాస్త పక్కకు జరిపి వాడుకుని, మిగిలిన తేడా మాత్రం రాసుకుంటుంది. రెండు బొమ్మలూ ఎంత పోలి ఉంటే ఫైల్ అంత చిన్నది. అందుకే సగం పని ఘాట్ దగ్గరే అయిపోవాలి.

ముందు, ఒకే మోడల్ కెమెరాలు రెండింటిని ఒకే పట్టీ మీద, ఒకే ఎత్తులో బిగించండి. లెన్సుల మధ్య సుమారు 6.5 సెంటీమీటర్లు, అంటే మన కళ్ల మధ్య ఉన్నంత దూరం చాలు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మూడూ లాక్ చేయండి. మొదటిసారి నేను ఎక్స్‌పోజర్‌ను ఆటోలోనే వదిలేశాను. ఒక కంటికి నీళ్లు తెల్లగా, ఇంకో కంటికి ముదురుగా వచ్చాయి. హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు ప్రమాణానికి మల్టీవ్యూ రూపమైన ఎంవీ-హెచ్‌ఈవీసీలో ఆ వెలుగు తేడాను బ్లాకుల (బొమ్మలోని చిన్న చదరపు ముక్కల) వారీగా సర్దే సాధనం లేదు. దాని మరో రూపం త్రీడీ-హెచ్‌ఈవీసీలో ఉంది కానీ, దాన్ని చూపించే ప్లేయర్లు దొరకడం కష్టం.

రికార్డింగ్ మొదలవగానే రెండు కెమెరాల ముందు గట్టిగా చప్పట్లు కొట్టండి. తర్వాత ఎడిటింగ్‌లో ఆ చప్పుడును బట్టి రెండు క్లిప్పులనూ ఒకే ఫ్రేముకు తెచ్చుకోవచ్చు. అప్పటికీ అర ఫ్రేము తేడా మిగలొచ్చు కాబట్టి దగ్గరగా, వేగంగా వెళ్లే పడవల జోలికి పోవద్దు.

అసలు టెన్షన్ నీళ్లతోనే. చెట్టు, మెట్టు, పడవ రెండు కళ్లకూ ఒకేలా ఉంటాయి. నీటి మీద తళుకు అలా కాదు. అది చూసే కోణాన్ని బట్టి మారుతుంది, ఎడమ కంటికి మెరిసిన చోట కుడి కంటికి మెరవదు. పైగా అల ప్రతి ఫ్రేముకూ మారిపోతుంది. కాబట్టి ముందు ఫ్రేము నుంచీ, పక్క కంటి నుంచీ కూడా అరువు దొరకదు. ఎన్‌కోడర్, అంటే వీడియోను కుదించే సాఫ్ట్‌వేర్, బిట్లన్నీ ఆ మెరుపులకే ఖర్చుపెట్టి, పడవ అంచులను మసకబారుస్తుంది. సూర్యుడు ఎదురుగా లేని వేళ చూసుకోండి. పోలరైజర్ (మెరుపును తగ్గించే లెన్స్ ఫిల్టర్) వాడితే రెండింటినీ ఒకే కోణానికి తిప్పండి. నీళ్లు ఫ్రేములో మూడో వంతు మించకపోతే ఇంకా మంచిది.

ఇంటికొచ్చాక ముందు రెండు క్లిప్పుల రంగులూ ఒకేలా సరిచేయండి, ఆ తర్వాతే కుదించండి. రెండు బొమ్మలనూ పక్కపక్కన అతికించి మామూలు ఎన్‌కోడర్‌కు ఇస్తే కళ్ల మధ్య పోలిక దాదాపు వృథా అవుతుంది, ఎందుకంటే అది అంత దూరం వెతకదు. 2024లో వచ్చిన ఎక్స్265 4.0 అనే ఎన్‌కోడర్‌లో ఎంవీ-హెచ్‌ఈవీసీ ఉంది. ఎడమ కన్నుకు పూర్తి నాణ్యత ఇచ్చి, కుడి కన్నుకు కొంచెం తగ్గించినా పర్లేదు, చూసేటప్పుడు మెదడు స్పష్టమైన బొమ్మవైపే మొగ్గుతుంది.

మొత్తం ఫైల్‌ను కుదించేముందు నీళ్లు ఎక్కువున్న పది సెకన్ల ముక్కను కుదించి, హెడ్‌సెట్‌లో పడవ అంచులు చూడండి. మామూలు ప్లేయర్‌లో ఒక కంటి బొమ్మే కనిపిస్తే కంగారుపడకండి, మల్టీవ్యూ తెలియని ప్లేయర్లు అంతవరకే చూపిస్తాయి.