ఆఫీసులో ఆగిపోయిన ఫైలును కదిలించడం ఎలా

ఆఫీసులో పని ఆగిపోతే మనమీద ఎవరికో కక్ష ఉందనో, చేయి తడపలేదనో అనుకుంటాం. అవి ఉండవని నేననను. కానీ జూనియర్ అసిస్టెంటుగా చేరిన రోజు నుంచి సూపరింటెండెంటుగా రిటైరయ్యేదాకా రెవెన్యూ ఆఫీసుల్లో నేను చూసిన పెండింగ్ ఫైళ్లలో ఎక్కువ భాగం భయం వల్ల ఆగినవే. సంతకం పెడితే రేపు ఆడిట్ పేరా (లెక్కల తనిఖీలో అభ్యంతరం) రావచ్చు, విజిలెన్స్ వాళ్లు పిలవచ్చు, కోర్టులో కౌంటర్ వేయాల్సి రావచ్చు. పెట్టకపోతే అడిగేవాడే లేడు. అందుకని పైనుంచి కిందిదాకా పెట్టకుండా ఉండటమే సుఖం అనుకుంటారు. పని చేయకపోవడం కూడా తేదీతో సహా కాగితం మీదకి ఎక్కిందంటే మాత్రం ఆ సుఖం ఉండదు. దాన్ని కాగితం మీదకి ఎక్కించే పని మీది.

మొదట నంబరు సంపాదించండి. అర్జీని నేరుగా ఆఫీసరు చేతిలో పెట్టి, ఆయన "చూస్తాను" అంటే సంతోషపడి వచ్చేసేవాళ్లు చాలామంది. ఆ కాగితం ఆ సాయంత్రానికి ఎక్కడుంటుందో ఆయనకే తెలియదు. ఇన్‌వార్డులో, అంటే కాగితాలు తీసుకునే సీటులో ఇచ్చి, మీ దగ్గరున్న రెండో కాపీ మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. ఏ సీటుకు మార్క్ చేశారో (ఎ2, ఇ1 లాంటివి) అడిగి రాసుకోండి. ఆ సీటు గుమాస్తా తనకొచ్చిన కాగితాలు రాసుకునే పర్సనల్ రిజిస్టరులో, అదే పీఆర్‌లో, దాన్ని ఎక్కించాలి. ఇ-ఆఫీసు ఉన్నచోట ఫైలు ఎవరి దగ్గర ఎప్పటినుంచి ఉందో కంప్యూటరే చెబుతుంది. సోమవారం ప్రజావాణికో గ్రీవెన్స్‌కో వెళ్తే అక్కడా నంబరిస్తారు. వెళ్లండి, కానీ దానిమీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. ఏ ఆఫీసు మీద ఫిర్యాదు చేశారో అది తిరిగి తిరిగి ఆ ఆఫీసుకే రిపోర్టు కోసం వస్తుంది.

ఇక ఫైలు లోపల ఏం జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే మీరు అడగాల్సింది దానిగురించే. గుమాస్తా నోట్ రాసి "ఉత్తర్వులకై సమర్పించడమైనది" అంటాడు. సూపరింటెండెంటు పొట్టి సంతకం పెడతాడు. ఆఫీసరు సరే అనడు, కాదనడు. పక్కన మార్జిన్‌లో "డిస్కస్" అని రాస్తాడు. అంతకంటే భద్రమైన మాట ఇంకోటి లేదు. చర్చ జరిగిందో లేదో ఎవరూ రాయరు, ఫైలు మళ్లీ బీరువాకి చేరుతుంది. ఇంకాస్త తెలివైనవాళ్లు "పై ఆఫీసు నుంచి క్లారిఫికేషన్ కోరండి" అని రాస్తారు. నెలల తర్వాత "అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం చర్య తీసుకోవలెను" అని జవాబొస్తుంది. ఆ నిబంధనలు ఏమిటన్నదే కదా మొదటి ప్రశ్న! ఇన్‌స్పెక్షన్ దగ్గరపడి పీఆర్‌లో పెండింగ్ తగ్గించాల్సొచ్చినప్పుడు ఎల్.డిస్ చేసి, అంటే ఇక చర్య అక్కర్లేదని పక్కన పెట్టి మూసేస్తారు. ఎల్.డిస్ కాగితాలను ఏడాదికి మించి దాచనక్కర్లేదు. అందుకని ఏళ్ల తరబడి ఎదురుచూసి అప్పుడు అడుగుదాం అనుకోవద్దు.

మా అమ్మగారి ఊళ్లో కల్వర్టు కూలింది. స్కూలు బస్సు ఇవతలే ఆగిపోయేది, పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ దాటేవాళ్లు. పంచాయతీరాజ్ ఇంజినీర్లు రోడ్డు ఆర్ అండ్ బీది (రోడ్లు, భవనాల శాఖది) అన్నారు. వాళ్లేమో కింద పారేది ఇరిగేషన్ కాలవ గనక ఇరిగేషన్ వాళ్లను అడగమన్నారు. ఊరివాళ్లు అందరికీ ఫొటోలు జతచేసి "తక్షణమే మరమ్మతు చేయించగలరని ప్రార్థన" అని అర్జీలు పెట్టారు. ప్రార్థనకి జవాబివ్వాలని చట్టం ఎక్కడా చెప్పదు. సమాచార హక్కు చట్టం కింద అడిగినదానికి మాత్రం ఇచ్చి తీరాలని 2005 నుంచి ఉంది. అందుకని మూడు ఆఫీసులకూ ఒకే దరఖాస్తు రాయించాను (నోట్ ఫైలంటే లోపల రాసుకున్న నోట్లు, కరెంట్ ఫైలంటే వచ్చిన, పంపిన ఉత్తరాలు):

"1. ఫలానా గ్రామం నుంచి ఫలానా గ్రామం వరకు ఉన్న రోడ్డు మీ శాఖ రోడ్ల రిజిస్టరులో ఉన్నట్లయితే ఆ పేజీ నకలు.
2. ఫలానా తేదీన, ఫలానా నంబరుతో ఇచ్చిన అర్జీపై నేటివరకు నడిచిన నోట్ ఫైలు, కరెంట్ ఫైలు నకళ్లు.
3. ఆ అర్జీ ఏ అధికారి వద్ద ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నదీ తెలిపే రిజిస్టరు నకలు.
4. కల్వర్టుకు అంచనా తయారై ఉంటే దాని నకలు, పై ఆఫీసుకు పంపిన తేదీ."

ఇందులో "ఎందుకు" అన్న మాట ఎక్కడా లేదు, చూడండి. ఎందుకు చేయలేదని అడిగితే "అభిప్రాయాలు ఇవ్వనవసరం లేదు" అని ఒక్క లైనులో తిప్పి పంపుతారు. ఆఫీసు దగ్గర ఉన్న రికార్డు ఇస్తే చాలని సుప్రీంకోర్టు కూడా 2011లో చెప్పింది. కాబట్టి రికార్డే అడగండి. కారణం దాంట్లోనే దొరుకుతుంది.

మన రెండు రాష్ట్రాల రూల్స్‌లో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10. ఎందుకు కావాలో చెప్పనక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. తమది కాదనుకుంటే 6(3) సెక్షన్ కింద 5 రోజుల్లో సంబంధిత శాఖకు బదిలీ చేసి మీకు తెలపాలి. ఎవరిదో తేల్చకుండా తప్పించుకునే వీలు అక్కడ పోతుంది. ఆ కల్వర్టు సంగతిలో ఒక శాఖ తన రిజిస్టరు పేజీ జిరాక్స్ పంపింది, రోడ్డు వాళ్లదే. ఆ పేజీ పట్టుకుని వెళ్తే "మాది కాదు" అన్న మాట మళ్లీ వినపడలేదు. "నిధులు లేవు" అన్నారు. అది వేరే రోగం. దానికి నాలుగో ప్రశ్ననే మళ్లీ అడుగుతూ పోవాలి.

30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. వదలొద్దు, సగం పనులు ఇక్కడే కదులుతాయి. జవాబు ఆలస్యమైతే పీఐఓకు (సమాచారం ఇవ్వాల్సిన అధికారికి) రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చని కింది గుమాస్తాకీ తెలుసు. రెండో అప్పీలు సమాచార కమిషన్‌కు, 90 రోజుల్లోపు. అక్కడ తీర్పుకు చట్టం గడువేమీ పెట్టలేదు. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా, రెండేళ్లకు పైగా, కమిషనర్ ఒక్కరూ లేకుండా ఆ కమిషన్ ఖాళీగానే ఉండిపోయింది. ఆలస్యాన్ని శిక్షించాల్సిన చోటనే నియామకాల ఫైలు కదల్లేదు మరి.

పట్టా, మ్యుటేషన్, పెన్షన్ లాంటి సొంత పనుల్లో ఇంకో పట్టు ఉంది. "అవదండీ" అని నోటితో అంటే వాదించకండి. "అయితే కాదని ఎండార్స్‌మెంట్ ఇవ్వండి సార్" అనండి. కాదని రాసిస్తే దానిమీద అప్పీలుకు వెళ్లొచ్చు, నోటిమాట మీద వెళ్లలేం. పైగా కాదని రాయాలంటే ఏ రూలు ప్రకారమో చూపాలి. రూలు దొరక్క పని చేసిపెట్టినవాళ్లను చూశాను. అదీ ఇవ్వకపోతే హైకోర్టులో రిట్ వేయొచ్చు. చాలాసార్లు కోర్టు మీకు పని చేసిపెట్టమనదు, ఇన్ని వారాల్లో అర్జీపై నిర్ణయం తీసుకోమంటుంది. ఆ గడువు దాటితే కోర్టు ధిక్కారం టెన్షన్ ఆఫీసరుది.

వీసీ (పై అధికారుల వీడియో కాన్ఫరెన్స్) ఉన్న రోజు, ఎలక్షన్ పనులున్న రోజుల్లో వెళ్లకండి, ఎవరూ తలెత్తి చూడరు. గుమాస్తా మీద అరవకండి. ఫైలు ఎక్కడుందో చెప్పేది అతనే.

నకళ్లు ఇవ్వడానికి నానుస్తుంటే ఫైలు చూస్తామని అడగండి, అదీ చట్టంలో ఉన్న హక్కే. మొదటి గంటకు డబ్బు కట్టక్కర్లేదు. తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. ముందు నోట్ ఫైలులో పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూసి, మొత్తం ఎన్ని పేజీలున్నాయో తేదీతో తెల్లకాగితం మీద రాసి, పీఐఓ చేత సంతకం పెట్టించుకుని రండి.