పడుకుంటే జివ్వుమనేది

నడుం నొప్పికి వెన్నులో స్టిమ్యులేటర్ (వెన్నుపాము దగ్గర పెట్టిన తీగతో సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే పరికరం) పెట్టించుకుని ఏడాదైంది. ముందు వారం రోజులు ట్రయల్ చూశాకే బ్యాటరీని పిరుదు పైన చర్మం కింద అమర్చారు. నొప్పి పూర్తిగా పోలేదు గానీ, ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డు దాకా నడుస్తున్నాను. నాకదే గొప్ప.

గొడవల్లా పడుకున్నప్పుడే. వెల్లకిలా వాలగానే కాళ్లలోకి జివ్వుమని కరెంటు! తీగ జరిగిపోయిందేమోనని ఒకటే టెన్షన్. తీరా డాక్టర్ని అడిగితే, అలా పడుకున్నప్పుడు వెన్నుపాము ఎలక్ట్రోడ్లకు (తీగ మీద కరెంటు వదిలే ముక్కలకు) దగ్గరవుతుందట, అదే కరెంటు ఎక్కువగా తెలుస్తుందట. ఇప్పుడు మంచం ఎక్కేముందే రిమోట్‌తో తగ్గిస్తాను. పడకకి వేరే ప్రోగ్రామ్ కూడా పెట్టించుకున్నాను.

ఆ బ్యాటరీని పైనుంచే ఛార్జ్ చేసే బెల్టు మాత్రం విశాఖ ఉక్కపోతకి చెమటపట్టి జారేది. పల్చటి బనియను మీద కట్టుకుని ఫ్యాను కింద కూర్చుంటున్నాను, జారడం లేదు.