షిఫ్ట్ ఇన్‌చార్జ్ పని నేర్చుకుందాం – 3వ పాఠం: కొత్త మనిషికి పని నేర్పడం

షిఫ్ట్ అప్పగింత, షిఫ్ట్ మొదట్లో పెట్టే ఐదు నిమిషాల మీటింగ్ గత రెండు పాఠాల్లో అయిపోయాయి. ఈ పాఠం వాటికన్నా పొడుగు. చేతులతో చేయాల్సిన అభ్యాసం కూడా ఉంది కాబట్టి పాత వైరు ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. అడుగు పొడుగు, మెలితిప్పిన రెండు పోగుల వైరు అయితే సరిపోతుంది. కరెంటుకు తగిలించి ఉన్నది మాత్రం వద్దు.

డిగ్రీ లేదా డిప్లొమా అయ్యాక అప్రెంటిస్‌గా ప్లాంటులో చేరినవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు అధికారం లేకపోవడం. 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణ పొందే మనిషే తప్ప కార్మికుడు కాదు. ఇక సూపర్‌వైజర్ అధికారం ఎక్కడిది? పదిహేనేళ్ల అనుభవం ఉన్న ఆపరేటర్‌కు మీరు పని చెప్పలేరు, చెప్పినా వినరు. కానీ కొత్తగా వచ్చిన కాంట్రాక్ట్ కుర్రాడికి పని నేర్పడానికి ఎవరి ఆర్డరూ అక్కర్లేదు, మీ ఇన్‌చార్జ్ ‘సరే’ అంటే చాలు. నాయకత్వం అక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని. మీరు నేర్పిన మనిషి చేతిలో రిజెక్షన్ తగ్గితే లైన్ మొత్తం మీ మాట వినడం మొదలుపెడుతుంది.

ఇక్కడ నేర్పే పద్ధతి కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల యార్డుల్లో చార్లెస్ అలెన్ వాడిన నాలుగు మెట్ల బోధన దీనికి మూలం. 1940లో అమెరికాలోనే మొదలైన ‘ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ’ కార్యక్రమం దాన్ని జేబులో పట్టే కార్డుగా మార్చింది. పదేసి మంది సూపర్‌వైజర్లను కూర్చోబెట్టి, రెండేసి గంటల చొప్పున ఐదు సిట్టింగుల్లో నేర్పేవారు. యుద్ధం తర్వాత అది జపాన్ చేరి టయోటా షాప్‌ఫ్లోర్‌లో స్థిరపడింది.

ఆ కోర్సు మొదటి సిట్టింగులో బోధకుడు ఒక ముడి వేయించేవాడు. బల్బు హోల్డర్ మూతలో వైరు లాగినా స్క్రూల దగ్గర ఊడిపోకుండా ఎలక్ట్రీషియన్ లోపల వేసే ముడి అది. ముందు నోటితో మాత్రమే చెప్పేవాడు, ఎవరికీ వచ్చేది కాదు. తర్వాత మాట లేకుండా చేసి చూపించేవాడు, అప్పుడూ వచ్చేది కాదు. చెప్పడం, చూపడం రెండూ కలిపి, పనిని ముక్కలు చేసి నేర్పితే నిమిషాల్లో వచ్చేసేది. మనమూ ఆ ముడితోనే మొదలుపెడదాం.

వైరును నిలువుగా, చీలిన కొసలు పైకి ఉండేలా పట్టుకోండి. పనిని ఇలా విడగొట్టాలి:

1. పోగులు విడదీసి సాపు చేయాలి. కీ పాయింట్: 6 అంగుళాలు.
2. కుడి పోగుతో మెలి వేయాలి. కీ పాయింట్: కొస అసలు వైరు (కింద విడదీయని భాగం) ముందునుంచి ఎడమకు రావాలి.
3. ఎడమ పోగుతో మెలి వేయాలి. కీ పాయింట్లు: మీవైపు లాగి, మొదటి కొస కిందుగా తీసి, అసలు వైరు వెనకనుంచి కుడికి పోనివ్వాలి.
4. ఆ కొసను కుడి మెలిలోంచి దూర్చాలి. కీ పాయింట్: వెనకనుంచి ముందుకు.
5. బిగించాలి. కీ పాయింట్: రెండు కొసలూ సమానంగా పట్టుకుని లాగాలి.

ప్రతి వరుసలో ముందున్నది మెట్టు, దాని పక్కనున్నది కీ పాయింట్. మెట్టు అంటే పని ఒక అడుగు ముందుకు జరగడం. కీ పాయింట్ కావడానికి మూడే అర్హతలున్నాయి: తప్పితే పని చెడాలి, లేదా మనిషికి దెబ్బ తగలాలి, లేదా పని సులువు చేసే కిటుకై ఉండాలి. ‘జాగ్రత్తగా పట్టుకోవాలి’ అనేది కీ పాయింట్ కాదు. ఎక్కడ, ఏ వేలితో, ఎంత దూరంలో అన్నది చెబితేనే అది పనికొస్తుంది. ఒక మెట్టుకు మూడుకన్నా ఎక్కువ కీ పాయింట్లు వస్తే ఆ మెట్టును రెండుగా చీల్చండి.

మీ లైన్లోని పనికి ఇలాంటి కాగితం తయారుచేయడమే ఈ పాఠంలో అసలు కష్టం. ఎస్ఓపీ (పని ఎలా చేయాలో కంపెనీ రాసిపెట్టిన కాగితం) చూసి రాసేద్దామనుకుంటారు చాలామంది. ఎస్ఓపీలో ‘నిర్దేశిత టార్క్‌కు బోల్టులు బిగించవలెను’ అని ఉంటుంది, కిటుకు ఉండదు. కిటుకు ఉండేది సీనియర్ ఆపరేటర్ చేతిలో. ఆయన్ని ‘ఎలా చేస్తారు?’ అని అడిగితే ‘ఏముంది, బిగించడమే’ అంటారు. దాచుకోవడం కాదది, చేతికి అలవాటైపోయింది నోటికి రాదు, అంతే. ‘అన్నా, కొత్తోళ్లు దీంట్లో ఎక్కడ తప్పు చేస్తారు?’ అని అడగండి. వరుసగా చెప్పుకొస్తారు. అదే పనిని కనీసం మూడుసార్లు నిలబడి చూడండి కూడా. చెయ్యి ఒక్క క్షణం ఆగిన చోట, పట్టు మార్చిన చోట, చెవి పెట్టి విన్న చోట కీ పాయింట్ ఉంటుంది.

క్లిక్ రకం టార్క్ రెంచ్ సంగతే చూడండి. టార్క్ అంటే బోల్టును తిప్పి బిగించే బలం, అది సెట్ చేసిన అంకెకు చేరగానే ఈ రెంచ్ క్లిక్‌మంటుంది. క్లిక్ వినపడగానే ఆపాలి, ‘ఇంకోసారి చూద్దాం’ అని మళ్లీ లాగితే బోల్టు మీద టార్క్ పెరిగిపోతుంది. చెయ్యి పిడి మధ్యలోనే ఉండాలి, పిడి దాటి పట్టుకుంటే లెక్క మారుతుంది. పని అయ్యాక సెట్టింగ్‌ను అన్నిటికన్నా తక్కువ అంకెకు తిప్పి పెట్టాలి. లేకపోతే లోపలి స్ప్రింగ్ నొక్కుకునే ఉండిపోయి కాలిబ్రేషన్, అంటే రెంచ్ చూపే లెక్క సరిగ్గా ఉండటం, తప్పుతుంది. మూడు కీ పాయింట్లూ, వాటి కారణాలూ ఇవే. కారణం తెలియని కీ పాయింట్‌ను రాత్రి షిఫ్ట్‌లో మొదట వదిలేస్తారు. అందుకే కాగితంలో మూడో గడి కారణానికి.

కాగితం చేతికొచ్చాక నేర్పడం, ఇందాక చెప్పిన నాలుగు మెట్లలో. మొదటి మెట్టు మనిషిని సిద్ధం చేయడం: పేరుతో పిలవండి, ఏ పనో చెప్పండి, ఇంతకుముందు చేశాడేమో అడగండి. మీ ఎదురుగా కాదు, మీ పక్కనే, అదే వైపు చూసేలా నిలబెట్టండి. ఎదురుగా నిలబడితే కుడి ఎడమలు తారుమారవుతాయి, ముడి నేర్పేటప్పుడు ఇది వెంటనే తెలిసిపోతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాంట్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. కీ పాయింట్లు హిందీలో చెప్పడం ముందే నోటికి రానిచ్చుకోండి. అక్కడికక్కడ అనువదిస్తే కారణాలు ఎగిరిపోతాయి.

రెండోది, మీరు చేసి చూపడం, మూడు విడతలుగా. మొదటిసారి మెట్లు మాత్రమే పైకి చెప్పండి. రెండోసారి మెట్లతోపాటు కీ పాయింట్లు, మూడోసారి కారణాలు కూడా. అన్నీ ఒకేసారి చెప్పేయాలని నాలుక దురద పెడుతుంది, ఆపుకోండి.

మూడోది, అతనితో చేయించడం. ఇక్కడ నాలుగు విడతలు. మొదట మాట్లాడకుండా చేయాలి, తప్పు పడుతుంటే చెయ్యి వెంటనే ఆపండి, ఎందుకంటే తప్పుగా ఒకసారి పూర్తయిన పని అలవాటుగా మారడం మొదలవుతుంది. తర్వాత మెట్లు చెబుతూ, ఆ తర్వాత కీ పాయింట్లు చెబుతూ, చివర కారణాలు చెబుతూ చేయాలి. ‘అర్థమైందా?’ అని అడగొద్దు. ఆ ప్రశ్నకు షాప్‌ఫ్లోర్‌లో ‘ఆఁ సార్’ అని ఒక్కటే జవాబు, అది ఏమీ చెప్పదు. ‘క్లిక్ తర్వాత మళ్లీ లాగితే ఏమవుతుంది?’ అని అడగండి.

నాలుగోది, ఒంటరిగా వదలడం. అనుమానమొస్తే ఎవరిని అడగాలో ఒక్క మనిషి పేరు చెప్పాలి, ‘ఎవరినైనా అడుగు’ అంటే ఎవరినీ అడగడు. మొదటి గంటలో రెండు మూడుసార్లు వెళ్లి చూడండి, తర్వాత షిఫ్ట్‌కు రెండుసార్లు, వారం తిరిగేసరికి ఒకసారి. అప్పటికీ పని రాకపోతే తప్పు వెతకాల్సింది మీ కాగితంలో. పాత కార్డు మీద అచ్చువేసిన మాట కూడా అదే: పనివాడు నేర్చుకోలేదంటే నేర్పేవాడు నేర్పలేదు.

ఎవరికి ఏ పని నేర్పాలన్నది స్కిల్ మ్యాట్రిక్స్, అంటే ఎవరికి ఏ పని వచ్చో చూపే పట్టిక, చూసి నిర్ణయించుకోవాలి. అడ్డంగా పేర్లు, నిలువుగా పనులు, వచ్చిన పనికి టిక్కు, రావాల్సిన పనికి తేదీ. ఆడిట్ ముందు రోజు రాత్రి కూర్చుని రంగులు నింపే మ్యాట్రిక్స్ గోడకు అందమే, మీకు మాత్రం పనికిరాదు. ఒక్కరికే వచ్చిన పని ఏదో చూడండి. అతను సెలవు పెట్టిన రోజు లైన్ ఆగేది అక్కడే, మీ మొదటి తేదీ అక్కడే పడాలి.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఈ ముడి ఎప్పుడూ వేయని ఒకరికి పై వరుసలోనే నేర్పండి, 15 నిమిషాలు దాటకూడదు. మర్నాడు మీరేమీ చెప్పకుండా వేయమనండి. ఎక్కడ తడబడితే ఆ మెట్టు కీ పాయింట్ తిరగరాయండి. తర్వాత మీ లైన్లో 5 నిమిషాల్లో అయ్యే పని ఒకటి తీసుకుని కాగితం రాసి, సీనియర్ ఆపరేటర్‌కు చదివి వినిపించి, ఆయన చెప్పిన దిద్దుబాట్లతో మీ ఇన్‌చార్జ్‌కు చూపండి. ఇన్‌చార్జ్ సరే అన్నాకే లైన్ మీద నేర్పండి.

4వ పాఠం: తరచూ ఆలస్యంగా వచ్చే మనిషితో మాట్లాడే ముందు సేకరించుకోవాల్సిన వివరాలు.