ఇంగ్లిష్ ఉచ్చారణ – 7వ పాఠం: విశేషణ సమాసాల్లో ఊనిక

గత పాఠంలో నామవాచక సమాసాలు చూశాం. బ్లాక్‌బోర్డ్, రెయిన్‌కోట్ వంటి మాటల్లో ఊనిక (మాటలో ఒక భాగాన్ని మిగతావాటికన్నా బలంగా పలకడం, స్ట్రెస్) మొదటి పదం మీద పడుతుందని చెప్పుకున్నాం. అదే అలవాటుతో విశేషణ సమాసాలను పలికితే చాలాచోట్ల పొరబడతాం. (ఒత్తు అంటే మనకు లిపిలోని ఒత్తులే గుర్తుకొస్తాయి కాబట్టి ఊనిక అంటున్నాను. అది పడే చోటికి ముందు • గుర్తు పెడతాను.)

మొదట సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు) లెక్క. రాసిన అక్షరాలను వదిలేసి, వినిపించే అచ్చులను లెక్కపెట్టండి. ‘కోల్డ్-బ్లడెడ్’లో మూడు: కోల్డ్, బ్ల, డెడ్. మనం ప్రతి మాటనూ అచ్చుతో ముగించే వాళ్లం కనుక ‘కోల్డు-బ్లడెడు’ అంటాం. అప్పుడవి ఐదవుతాయి, ఊనిక నిలిచే చోటే చెదిరిపోతుంది. ‘బ్లూ-ఐడ్’లో రెండే. రెండింటి చివరా ఉన్నది ఒకే ప్రత్యయం, -ed. సాధారణంగా దాని ముందు ట, డ ధ్వనులు ఉంటేనే అది విడి సిలబుల్‌గా పలుకుతుంది.

ఇక ఊనిక. ఇలాంటి సమాసాలు వాక్యం చివర వచ్చినప్పుడు రెండో పదం బరువెక్కుతుంది: కోల్డ్-•బ్లడెడ్, ఓల్డ్-•ఫ్యాషన్డ్, సెకండ్-•హ్యాండ్.

అసలు అందమంతా ఇక్కడుంది. ‘ద కార్ ఈజ్ సెకండ్-•హ్యాండ్’ అని చేత్తో బల్ల మీద తాళం వేస్తూ పలకండి. దెబ్బ ‘హ్యాండ్’ మీద పడాలి. ఇప్పుడు ‘ఎ సెకండ్-హ్యాండ్ కార్’ అనండి. ‘హ్యాండ్’ మీద ఒక దెబ్బ, వెంటనే ‘కార్’ మీద మరొకటి పడితే నడక కుంటుతుంది. అందుకే ఇంగ్లిష్ వాళ్లు మొదటి దెబ్బను వెనక్కి జరుపుతారు: ‘ఎ •సెకండ్-హ్యాండ్ •కార్’. మాట అదే, అర్థమూ అదే. పక్కన నామవాచకం చేరగానే ఊనిక చోటు మారింది. నిఘంటువు చూసి నేర్చుకున్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే అందులో మాట ఒంటరిగా ఉంటుంది.

•హోమ్‌సిక్, •సీసిక్, •వాటర్‌ప్రూఫ్ వంటివి ఈ దారిలో నడవవు. వాటిలో ఊనిక ఎప్పుడూ మొదటి పదానిదే. అయితే ‘డ్యూటీ-•ఫ్రీ’ని ఈ గుంపులో కలపకండి, అది ‘సెకండ్-హ్యాండ్’ లాగే కదులుతుంది.

అభ్యాసం: బ్యాడ్-టెంపర్డ్, ఆబ్సెంట్-మైండెడ్, లెఫ్ట్-హ్యాండెడ్. ఒక్కోదానిలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో రాసుకోండి. తర్వాత ‘హి ఈజ్ లెఫ్ట్-హ్యాండెడ్’, ‘ఎ లెఫ్ట్-హ్యాండెడ్ బ్యాటర్’ రెండూ ఫోనులో రికార్డు చేసి, దెబ్బ ఎక్కడ పడిందో వినండి. జవాబులు 8వ పాఠం మొదట్లో ఇస్తాను.