సైకిల్ ప్రమాదాలు ఎందుకు జరుగుతాయి? ఎలా తప్పించుకోవాలి?

సైకిల్ ప్రమాదం అనగానే అతివేగమో, గుంతల రోడ్డో గుర్తొస్తాయి. అవీ కారణాలే. కానీ వాహనం వచ్చి గుద్దిన సందర్భాల్లో తరచూ జరిగేది వేరు: డ్రైవరుకు మనం కనిపించలేదు, లేదా కనిపించినా ఎటు తిరుగుతామో అతనికి అంతుపట్టలేదు. ఆ రెండూ చాలావరకు మన చేతిలో ఉన్నవే.

1. ఎక్కే ముందు బ్రేకులు చూడండి. ఒక్కో బ్రేకు విడిగా పట్టి సైకిల్‌ను ముందుకు తోయండి. ఆ చక్రం తిరగకూడదు. లీవరు హ్యాండిల్‌కు తగిలేదాకా వస్తోందంటే వైరు వదులైందని, లేదా బ్రేకు రబ్బర్లు అరిగాయని అర్థం. బాగుచేయించాకే ఎక్కండి. టైర్లలో గాలి చూసుకోండి. హ్యాండిల్‌కు సంచి మాత్రం వద్దు. అది ముందు చక్రం స్పోకుల్లో ఇరుక్కుంటే సైకిల్ అక్కడే ఆగిపోతుంది, మీరు ముందుకు ఎగిరి పడతారు.

2. వాహనాలు వెళ్లే దిశలోనే వెళ్లండి. ఎదురుగా వచ్చేవి కనిపిస్తాయి కదా అని కొందరు రాంగ్ రూటులో తొక్కుతారు. మలుపు తిరిగే డ్రైవరు ఆ వైపు నుంచి ఎవరైనా వస్తారని చూడడు.

3. తిరిగే ముందు వెనక్కి చూసి, చెయ్యి చాపి చూపించండి. పిల్లలకు బ్యాలెన్సు రాగానే రోడ్డు మీదికి వదిలేస్తాం. సైకిల్ పక్కకు లాగకుండా భుజం మీదుగా వెనక్కి చూడటం కూడా ఖాళీ స్థలంలో నేర్పించాలి.

4. కూడలిలో లారీ, బస్సు పక్కన ఆగకండి. అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇదే. పొడవాటి బండి మలుపు తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలి అంచుకు జరుగుతాయి. పక్కనున్న సందు క్షణాల్లో మూసుకుపోతుంది. అద్దంలో డ్రైవరు ముఖం మీకు కనిపించకపోతే మీరూ అతనికి కనిపించనట్టే. ఆ సందులోకి దూరకుండా వెనకే ఆగండి.

5. ఆగి ఉన్న కార్లకు కనీసం ఒక మీటరు దూరంగా వెళ్లండి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకు అయిదున్నర మీటర్లు పోతుంది. ఎవరో హఠాత్తుగా తలుపు తీస్తే బ్రేకు పట్టే వ్యవధి ఉండదు.

6. వానలో నెమ్మదించండి. తడిసిన మ్యాన్‌హోల్ మూతలు, రోడ్డు మీది రంగు గీతలు జారతాయి. వాటి మీద హ్యాండిల్ తిప్పవద్దు, బ్రేకు వేయవద్దు. రైలు పట్టాలను అడ్డంగా, నేరుగా దాటండి. ఏటవాలుగా వెళ్తే చక్రం సందులో పడుతుంది. రిమ్ముకు పట్టే బ్రేకులు తడిలో ఆలస్యంగా పనిచేస్తాయి కాబట్టి ముందు నుంచే మెల్లగా నొక్కుతూ రండి. ముందు బ్రేకు ఒక్కదాన్నే గట్టిగా బిగించకండి.

7. చీకటి పడకముందే దీపాలు వేయండి. ముందు తెల్లది, వెనక ఎర్రది. వీధి దీపాలున్నా ఇవి ఉండాలి, ఎందుకంటే ఇవి మీరు ఇతరులకు కనిపించడానికి కూడా. పెడళ్లకు రిఫ్లెక్టర్లుంటే మరీ మంచిది. పైకీ కిందికీ కదిలే వెలుగును కళ్లు వెంటనే పసిగడతాయి.

ఇక హెల్మెట్. అది ప్రమాదాన్ని ఆపదు, తలను కాపాడుతుంది. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, పట్టీ బిగించాలి. ఒకసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను, పైకి పగులు కనిపించకపోయినా మార్చేయండి.