పాలపన్ను నొప్పి: పల్ప్ తెరిచే ముందు సందు చూడండి

దవడ పాలపన్ను నొప్పి అనగానే చాలామంది జూనియర్ డెంటిస్టులు పన్ను తొలిచే ఎయిరోటార్ అందుకుంటారు. పిల్లాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టడం, మత్తు ఇవ్వడం మీకు తెలిసిన పనులే కాబట్టి అవి వదిలేస్తున్నా. పల్ప్ (పన్ను లోపల నరం, రక్తనాళాలుండే మెత్తటి భాగం) బతికుందో లేదో చూసే కోల్డ్ టెస్టును, పల్ప్ టెస్టర్‌ను మాత్రం పాలపళ్ల దగ్గర నమ్ముకోకండి. భయపడిన పిల్లాడు ఏది అడిగినా తలూపుతాడు. నొప్పి ఎప్పుడొస్తోంది, చిగురెలా ఉంది, ఎక్స్‌రే ఏమంటోంది, ఈ మూడిటితోనే తేల్చుకోవాలి.

తిన్నాక ఏడుస్తున్నాడు, పన్ను మీద తడితే నొప్పి

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మొదటి, రెండో దవడ పాలపళ్ల మధ్య పుచ్చిపోయి మార్జినల్ రిడ్జ్ (పక్క పన్ను వైపున్న అంచు గట్టు) కూలిపోయి ఉంటుంది. ఆ సందులో చికెన్ పీచో, జంతిక ముక్కో దిగబడి చిగురును నొక్కుతుంది. మిర్రర్ పిడితో తడితే పిల్లాడు ఉలిక్కిపడతాడు. తల్లి "రాత్రిళ్లు ఒకటే ఏడుపు సార్" అంటుంది. ఇంకేం, ఇర్రివర్సిబుల్ పల్పైటిస్ (ఇక తగ్గని పల్ప్ వాపు) అని రాసేసి పల్పెక్టమీ (వేర్లదాకా పల్ప్ మొత్తం తీసేయడం) మొదలుపెట్టేస్తారు.

రాత్రి అన్నారంటే ఇంకో ప్రశ్న అడగాలి. "పడుకునే ముందు ఏడుస్తాడా అమ్మా, మంచి నిద్రలోంచి లేచి ఏడుస్తాడా?" అన్నం తినగానే మొదలై, పుక్కిలిస్తేనో ముక్క తీస్తేనో తగ్గేది చాలావరకు సందు నొప్పి. తిండితో పని లేకుండా అర్ధరాత్రి లేపి కూర్చోబెట్టే నొప్పి పల్ప్‌దే.

ముందు సందును సిరంజితో కడగండి. ఫ్లాస్ దించి, మళ్లీ పైకి కాకుండా పక్కకు లాగండి. కుళ్లు కంపుతో ముక్క బయటికొస్తుంది, వెనకే ఉబ్బిన చిగురు నుంచి రక్తం. తర్వాత ఎక్స్‌రేలో వేర్ల కొనలకంటే ముందు వేర్లు చీలే చోటు చూడండి. దవడ పాలపళ్లలో పల్ప్ చస్తే నలుపు సాధారణంగా మొదట అక్కడే కనిపిస్తుంది. అక్కడ బాగుంటే టెంపరరీ ఫిల్లింగ్ పెట్టి నాలుగైదు రోజులాగి రమ్మనండి.

నొప్పి పోయిందని పల్ప్‌కు క్లీన్ చిట్ ఇచ్చేయకండి. రిడ్జ్ కూలిందంటే లోపలికి ఎంతో కొంత సెగ తగిలే ఉంటుంది, రెండు జబ్బులూ కలిసి ఉండొచ్చు. పుచ్చు తీసేటప్పుడు పల్ప్ బయటపడితే పల్పాటమీ (పైభాగం పల్ప్ మాత్రం తీసి వేర్లలోది ఉంచడం), పడకపోతే దాని జోలికి వెళ్లొద్దు. ఏది చేసినా పైన స్టీల్ క్రౌన్ (తొడుగు) వేసి సందు మూయండి. సిమెంటు అద్ది పంపేస్తే నెల తిరక్కుండా అదే పిల్లాడు, అదే ఏడుపు.

పల్పాటమీలో రక్తం ఆగట్లేదు

తడి దూదితో అయిదు నిమిషాలు నొక్కినా ఆగకపోతే వేర్లలోకి జబ్బు పాకిందని వెంటనే అనేయకండి. పల్ప్ ఛాంబర్ కప్పు పూర్తిగా లేచిందా? మూలల్లో పల్ప్ పీలికలు మిగిలాయా? అవి తీసేశాక కూడా కారుతుంటే అప్పుడు పల్పెక్టమీ. అసలు రక్తమే రాలేదంటే పల్ప్ చచ్చినట్టే, అక్కడ పల్పాటమీ నిలబడదు. పల్పెక్టమీ చేశాక, కింద శాశ్వత పన్ను ఉన్నచోట వేర్లలో గట్టాపెర్చా (శాశ్వత పళ్ల వేర్లలో నింపే రబ్బరులాంటి పదార్థం) నింపొద్దు, పాలపన్ను వేరుతోపాటు అది కరగదు. జింక్ ఆక్సైడ్ యూజినాల్ గానీ అయోడోఫామ్ పేస్టు గానీ వాడండి.

చిగురు మీద చీము పొక్కు, నొప్పి మాత్రం లేదు

తగ్గిపోయిందని ఇంట్లోవాళ్లు సంబరపడతారు. పల్ప్ చచ్చి, చీముకు దారి దొరికింది, అంతే. వేర్లు గట్టిగా ఉంటే పల్పెక్టమీ, బాగా కరిగిపోయి ఉంటే పీకేయడం. రెండో దవడ పాలపన్ను ముందే పీకాల్సి వస్తే స్పేస్ మెయింటెయినర్ (ఆ ఖాళీ మూసుకుపోకుండా పట్టి ఉంచేది) సంగతి మర్చిపోవద్దు. అమాక్సిసిలిన్ సిరప్ రాసి పంపడం దీనికి వైద్యం కాదు. ముఖం వాచి జ్వరం ఉంటే అది వేరే లెక్క, ఆలస్యం చేయొద్దు.

ఇంజెక్షన్ ఇచ్చిన మర్నాడు కింది పెదవి వాచింది

తెల్లటి పొరతో పుండు కనిపిస్తే, మొద్దుబారిన పెదవిని పిల్లాడు కొరుక్కున్నాడన్నమాట. ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ మొదలుపెట్టకండి, కొద్ది రోజుల్లో దానంతట అదే మానుతుంది.

ఇక పుచ్చు ఏమీ లేకుండా బాగా వెనక నొప్పి అంటే, ఆరేళ్ల వయసులో మొలుస్తున్న శాశ్వత పన్ను మీది చిగురు పొర ఎత్తి చూడండి, కింద తిండి ఇరుక్కుని ఉండొచ్చు. సైనస్ నొప్పి, కణుతుల్లాంటివి పిల్లల్లో అరుదు, వాటి గురించి మొదటిరోజే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.